కాగితం మీద లేని మేళం

సత్యసాయిబాబా ఉన్న రోజుల్లో పండగ పూట పుట్టపర్తికి వెళ్లినవాళ్లకు ప్రశాంతి నిలయం ఊరేగింపులు గుర్తుండే ఉంటాయి. వేదం చదివే పిల్లలు, పంచవాద్యం, నాదస్వరం, డోలు, వాటితోపాటు మెరిసే యూనిఫాంలో విద్యార్థుల బ్రాస్ బ్యాండు. ఊపిరితో పలికే రెండు రకాల మేళాలు ఒకే ఊరేగింపులో నడిచేవి. చూసేవాళ్లకు బట్టల్లో తేడా కనిపించేది గానీ అసలు తేడా అక్కడ లేదు. బ్యాండు పిల్లలు నొటేషన్ పెట్టుకుని నేర్చుకున్నవాళ్లు. ట్రంపెట్ ఎక్కడ అందుకోవాలో, క్లారినెట్ ఎక్కడ ఆగాలో రాసి ఉంటుంది. నాదస్వరం పట్టుకున్న పెద్దాయన దగ్గర కాగితం ముక్క ఉండదు. ఆయన వాయించేదంతా తండ్రో మేనమామో గురువో ఎన్నో ఏళ్ల కిందట చెవిలో వేసిన సరుకు.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ధర్మవరం అంటే పట్టుచీర, పెనుకొండ అంటే కోట, హిందూపురం పక్కన లేపాక్షి అంటే నంది. సన్నాయి, అంటే నాదస్వరం, మాట మాత్రం ఎవరి నోటా రాదు. నిజానికి తెలుగువాళ్ల సన్నాయి మేళం కథలో ఈ సీమ ప్రస్తావన రాకుండా ముందుకు వెళ్లడం కష్టం. ఈ కథ విజయనగరం రోజుల్లో ఇక్కడ ఒక మలుపు తిరిగి, దక్షిణానికి వెళ్లి, మళ్లీ తెలుగు ఊళ్లకు వేరే వేషంలో తిరిగొచ్చింది.

ముందు మేళం అంటే ఏమిటో చూద్దాం. పద్ధతిగా కట్టిన మేళంలో రెండు నాదస్వరాలు, రెండు డోళ్లు, తాళం, శ్రుతి ఉంటాయి. నాదస్వరం రెండున్నర అడుగుల పైచిలుకు చెక్క గొట్టం. పైన ఏడు రంధ్రాలు వేళ్లకు, కింద మరో ఐదు శ్రుతి సర్దుబాటుకు. వాటిలో కొన్నిటిని మైనంతో మూస్తారు. క్లారినెట్టుకు ఉన్నట్టు దీనికి మీటలు లేవు. గమకం పలకాలంటే రంధ్రాన్ని సగం మూయాలి, పావు మూయాలి, లేదా పెదవుల పట్టుతో గాలిని బిగించాలి. వాయిద్యం మెడ దగ్గర దారానికి నోట పెట్టి ఊదే పీకలు నాలుగైదు, ఒక సన్నటి సూది వేలాడుతూ కనిపిస్తాయి. పీకను రెల్లు జాతి గడ్డితో చేస్తారు. కచేరీ మధ్యలో అది తడిసి మెత్తబడితే పలుకు మారిపోతుంది. అప్పుడు విద్వాంసుడు దాన్ని ఊడబెరికి, సూదితో నోరు సరిచేసి, కొత్తది తొడిగి, ఒకసారి చిన్నగా కూయించి చూసుకుంటాడు. ఆ నాలుగు క్షణాలూ డోలు ఆగదు. పనస మొద్దు తొలిచి చేసిన ఆ డోలును ఒక పక్క పుల్లతో, ఇంకో పక్క గట్టి తొడుగులు వేసుకున్న వేళ్లతో వాయిస్తారు. రంధ్రాల మీద వేలు ఎంత జరగాలో ఏ నొటేషనూ పూర్తిగా చెప్పలేదు. అందుకే ఈ విద్య చేతి నుంచి చేతికి, చెవి నుంచి చెవికి వెళ్లిందే తప్ప పుస్తకంలోకి పూర్తిగా ఎక్కలేదు.

శ్రుతి మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకప్పుడు మేళంలో ఒక మనిషి ఒత్తు పట్టుకుని కూర్చునేవాడు. చూడ్డానికి నాదస్వరంలాగే ఉన్నా అతని వాయిద్యం ఒకే ఒక్క స్వరం పలుకుతుంది. ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గల్లో దాచిన గాలిని వదులుతూ, గంటల తరబడి ఆ స్వరం తెగకుండా నిలబెట్టడమే అతని పని. చప్పట్లు ఎవరికో, బుగ్గనొప్పి ఇతనికి. ఆ తర్వాత శ్రుతిపెట్టె వచ్చింది, ఆపైన కరెంటు శ్రుతిపెట్టె. మేళంలోంచి ఒక మనిషి లేచి వెళ్లిపోయాడు, ఎవరూ గమనించలేదు.

ఇక చరిత్రలోకి. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించింది. దాని నాట్యమండపంలో బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు, తుంబురుడు వీణ పట్టుకుంటాడు, మూడు కాళ్ల భృంగి అడుగులు నేర్పుతుంటాడు, రంభ ఆడుతుంది. మొత్తం ఒక కచేరీ. శిల్పి వేళ్ల వంపు దాకా చెక్కాడు. వాళ్లు ఏ రాగంలో ఉన్నారో మాత్రం చెప్పలేడు కదా. మండపం ఎవరి కోసం కట్టారో, ఎలాంటి ఆటపాట దేవుడి సేవ అనుకున్నారో చెప్పడానికి ఈ స్తంభాలు చాలు. సుమారు 1520లో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ మహానవమి ఉత్సవాల గురించి రాస్తూ బాకాల మోతను, డోళ్ల మోతను ప్రస్తావించాడు. రాజుకైనా దేవుడికైనా బయటికి రావాలంటే ముందు గాలివాద్యం పలకాలి. అదే మర్యాద.

1565లో తళ్లికోట దగ్గర విజయనగర సైన్యం ఓడిపోయింది. తిరుమల దేవరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చాడు. ఆ వైభవం అక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. సింహాసనం చంద్రగిరికి, తర్వాత వేలూరుకు కదిలింది. పెనుకొండలో మిగిలింది కోటగోడలు, గగన్ మహల్, ఒక పెద్ద జ్ఞాపకం. ఆ శిథిలాల మధ్య పెరిగిన పిల్లవాడు పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యంలోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశాడు. తర్వాత తాను కూర్చున్న విద్వాన్ పరీక్షకే అది పాఠ్యగ్రంథమైందని రాయలసీమలో ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. పడిపోయిన గోడల్ని చూస్తూ ఒక బుద్ధి ఎలా వికసిస్తుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఈ సీమకు జ్ఞాపకం కొత్త కాదు. కాకపోతే పద్యం కాగితమెక్కింది, సన్నాయి ఎక్కలేదు.

రాజ్యం కదిలితే విద్వాంసులూ కదులుతారు. పెనుకొండ, చంద్రగిరి వెలవెలబోతున్న కాలంలో తంజావూరులో తెలుగు నాయక రాజులు వెలిగారు. 1600 నుంచి 1634 దాకా ఏలిన రఘునాథనాయకుడు స్వయంగా తెలుగు కవి, సంగీతం తెలిసినవాడు. కావేరి ఒడ్డున తెలుగు రాజభాషగా, సంగీత భాషగా స్థిరపడింది. త్యాగరాజు పాడింది ఆ నేల మీదే, ఈ భాషలోనే. ఫలితం ఒకసారి ఆలోచించండి. తంజావూరు జిల్లాలోని తమిళ నాదస్వర కుటుంబాలు తరతరాలుగా తెలుగు కీర్తనలు వాయించాయి, నాలుకతో పీకను తట్టి తెలుగు అక్షరాలకు ప్రాణం పోశాయి. తెలుగు దేశంలో ఉన్న మేళాలు మాత్రం గుడి సేవకూ పెళ్లి పందిరికీ అంటిపెట్టుకుపోయాయి.

ఈ సేవకు వెనుక భూమి ఉండేది. గుడిలో పూజారికి మాన్యం ఉన్నట్టే మేళానికీ మాన్యం. 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికి వచ్చాక, 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి ఊరూరా భూముల లెక్కలు తీయించాడు. 1858 తర్వాత ఇనాం కమిషన్ మరోసారి తవ్వింది. ఏ ఊళ్లో ఏ దేవుడికి ఎవరు ఏం చేయాలో, అందుకు ఎంత నేల ఉందో రాసుకున్నారు. ఏం వాయించాలో ఎవరూ రాయలేదు. దొరతనానికి అది అక్కర్లేదు. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చాక భూమికీ సేవకూ ఉన్న ముడి వదులవుతూ వచ్చింది. రోజూ రెండు పూటలా గుళ్లో వాయించినవాళ్లు పెళ్లిళ్ల సీజను కోసం ఎదురుచూసేవాళ్లయ్యారు. కళకు జరిగిన నష్టాల్లో, నా లెక్కలో, సినిమా పాట చేసినదానికన్నా ఇదే పెద్దది. గుడిసేవ పోతే సాధన పోయినట్టే. పెళ్లికి పది పాటలు చాలు, గుడికి పొద్దుటి నుంచి రాత్రి దాకా రాగాలు కావాలి.

గుడి గడియారం రాగాల్లో నడిచేది. తెల్లవారుజామున భూపాలం, పొద్దెక్కాక బిలహరి, రాత్రి పవళింపు సేవకు నీలాంబరి. ఉత్సవమూర్తి బయటికి వచ్చే వేళ గంభీరనాటలో మల్లారి. మల్లారికి సాహిత్యం లేదు. అది స్వరాలతో, జతులతో కట్టిన నడక. పల్లకి మోసేవాళ్ల అడుగు, డోలు దెబ్బ, సన్నాయి పలుకు ఒకే కాలంలో పడాలి. ఇంట్లో వంట చేసుకుంటున్న ఆడవాళ్లు కూడా దాన్ని విని, స్వామి గుమ్మం దాటాడని గ్రహించేవాళ్లు. కదిరిలో ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల్లో లక్ష్మీనరసింహస్వామి రథం కదిలితే జనం మిరియాలు, దవనం విసురుతారు. ఆ రద్దీలో రథం ఎక్కడుందో కంటికి కనపడని వాళ్లు చెవితో తెలుసుకుంటారు. అంటే మేళం ఒక్కటే గుర్తుపెట్టుకుంటే సరిపోదు. ఊరికీ గుర్తుండాలి. వాయించేవాడి జ్ఞాపకం, వినేవాడి జ్ఞాపకం కలిసినప్పుడే ఈ సంగీతం పూర్తవుతుంది. సన్నాయికి మాటలు రావు, కీర్తనలో మాటలు వినేవాడే తన లోపలి నుంచి తెచ్చి అతికించుకోవాలి.

మరి వాయించేవాడి జ్ఞాపకం ఎలా తయారైంది? శిష్యుడు గురువింట్లో ఉండి, ముందు నోటితో పాడటం నేర్చుకోవాలి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆ తర్వాత కీర్తనలు. డోలు నేర్చుకునే పిల్లవాడు కూడా ముందు నోటితో జతులు చెప్పాలి. నోటికి వచ్చిందే చేతికి వస్తుందన్నది సూత్రం. పీక నోట్లో పెట్టుకున్నాక మొదటి కొన్ని నెలలు కేవలం ఊపిరి పట్టడమే. ఇంటిల్లిపాదికీ చుట్టుపక్కల వాళ్లకీ ఆ నెలలు గడ్డుకాలం. పొలం గట్టు మీదో, ఊరి బయట చెరువు కట్ట మీదో సాధన చేయడం అందుకే అలవాటైంది.

కీర్తన కంఠతా వస్తుంది. ఆలాపనను బట్టీ పట్టలేరు. తోడి వాయించడం మొదలుపెట్టిన విద్వాంసుడు తర్వాతి పది నిమిషాలు ఎలా వెళ్తాడో తనకే ముందుగా తెలియదు. మొదట ఒక్క స్వరం చుట్టూ తిరుగుతాడు. అది స్థిరపడ్డాక కిందికి జారతాడు, పైకి పాకుతాడు, ఎప్పుడో విన్న ఒక ప్రయోగం గుర్తొస్తే దాన్ని పట్టుకుని మరోచోటికి పోతాడు. పసిపిల్ల ఇల్లు పరిచయం చేసుకున్నట్టు ఉంటుంది ఆ నడక. ముందు మంచం, తర్వాత గది, తర్వాత గడప. ఆలాపన ముగిసేసరికి రాగం తనను తాను తెలుసుకున్నట్టుంటుంది. రేపు అదే రాగం వాయిస్తే దారి వేరు.

దీనికి శాస్త్ర సాక్ష్యం వేరే దేశం నుంచి వచ్చింది. అమెరికా పండితుడు మిల్మన్ పారీ 1933-35 మధ్య యుగోస్లావియాలో వీరగాథలు పాడే గాయకుల్ని రికార్డు చేశాడు. అతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ ఆ పని కొనసాగించి 1960లో ఒక పుస్తకం తెచ్చాడు. ఆ గాయకులు ఒక్క మాట పొల్లు పోకుండా పాడతామని ఒట్టేసి చెప్పేవాళ్లు. రికార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ ఒకటి కావు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పాటను వాళ్లు గుర్తుపెట్టుకున్న తీరే అది: అచ్చు కాపీగా దాచుకోకుండా, మళ్లీ కట్టుకునే నేర్పుగా. మన బుర్రకథ చెప్పేవాళ్లు, హరిదాసులు, సన్నాయి విద్వాంసులు ఈ సంగతి ఎవరూ పరిశోధించకముందు నుంచీ ఆచరణలో పెట్టినవాళ్లే.

ఈ వృత్తి ఎవరిది? రాయలసీమలో మేళం ప్రధానంగా నాయీబ్రాహ్మణ కుటుంబాలది. కోస్తాలో వాళ్లతోపాటు ముస్లిం కుటుంబాలది, ముఖ్యంగా దూదేకులవారిది. ఇక్కడ కథ మళ్లీ పెనుకొండకు వస్తుంది. పెనుకొండ బాబయ్య దర్గా దూదేకులవారికి పరమ పవిత్ర స్థలం. గంధం ఉత్సవానికి హిందువులూ వస్తారు. రాముడి గుళ్లో మేళం వాయించి, బాబయ్యకు మొక్కుకునే మనిషికి ఇందులో వింతేమీ కనపడదు. వింత అనుకునేవాళ్లు బయటివాళ్లే.

ముస్లిం సన్నాయి విద్వాంసుల్లో పెద్ద పేరు షేక్ చినమౌలానా. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టాడు. మొదట తండ్రి కాసిం సాహెబు దగ్గర, తర్వాత చిలకలూరిపేటలో ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నాడు. ఆయనకు అది చాలలేదు. తమిళ దేశంలో టి.ఎన్. రాజరత్నం పిళ్లై రాగాలాపనను గంటల తరబడి విస్తరించి నాదస్వరానికి కచేరీ గౌరవం తెచ్చిపెట్టిన కాలం అది. ఆ బాణీ పట్టుకోవాలని చినమౌలానా తంజావూరు ప్రాంతంలోని నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకన్ను సోదరుల దగ్గర శుశ్రూష చేశాడు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడి, 1982లో అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఆయనకు దక్కాయి. 1999లో కన్నుమూశాడు. మనవళ్లు కాసిం, బాబు ఆ బాణీని కొనసాగిస్తున్నారు.

నాలుగు శతాబ్దాల కిందట తెలుగు సంగీతం పెనుకొండ దాటి తంజావూరు చేరింది. తెలుగు కుర్రవాడు అక్కడికి వెళ్లి త్యాగరాజ కీర్తనను సన్నాయిపై ఎలా పలికించాలో తమిళ గురువుల దగ్గర నేర్చుకోవలసి వచ్చింది. ఇందులో అవమానమేమీ లేదు. జ్ఞాపకం ఎక్కడ నిలిస్తే అక్కడికే శిష్యుడు వెళ్తాడు. కానీ ఒక లెక్క చూడండి. చినమౌలానా శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకూ వచ్చింది. చలపతిరావు పేరు ఆంధ్రప్రదేశ్ ఖాతాలో ఉంది. ప్రకాశం జిల్లా మూలాలున్న సన్నాయి దంపతుల పేరు తమిళనాడు ఖాతాలో ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు, ఆదరించినవాళ్ల ఖాతాలోనే పేరు పడుతుంది. 2022లో సన్నాయి విద్వాంసుడు గోసవీడు షేక్ హసన్‌కు మరణానంతరం ఇచ్చిన పద్మశ్రీ మాత్రం ఆంధ్రప్రదేశ్ తరఫునే వచ్చింది.

వాయిద్యం తయారీదీ ఇదే కథ. నాదస్వరానికి పేరుమోసిన ఊరు కుంభకోణం పక్కన నరసింగంపేట. 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1955లో అక్కడి రంగనాథన్ ఆచారి రాజరత్నం పిళ్లై కోసం శుద్ధ మధ్యమం నిక్కచ్చిగా పలికే బారి నాదస్వరం తయారుచేశాడు. అంతకుముందు వాడిన పొట్టి తిమిరి నాదస్వరం గొంతు హెచ్చు శ్రుతి. నరసింగంపేటవాళ్లు వాడే ఆచ్చా కర్ర మన నారయేపి. పాత ఇళ్ల దూలాలు దొరికితే ఆ కర్రకు మరీ గిరాకీ. అనంతపురం, కడప ఎండు కొండల్లో ఈ చెట్టు బాగా పెరుగుతుంది. చెట్టు ఇక్కడ ఉంది, కీర్తన ఇక్కడి భాషలో ఉంది, చేసే చెయ్యి మాత్రం అక్కడ నిలిచింది.

ఇక బ్యాండు. కుంపిణీ సైన్యంతో వచ్చిన ఇత్తడి బాకాలు మొదట కోటల్లో మోగాయి. ముత్తుస్వామి దీక్షితులు ఆ బ్యాండు వరసలకు సంస్కృతంలో సాహిత్యం కట్టి నోటుస్వరాలు చేశాడు. బ్రిటిషు రాజగీతం వరస కూడా అమ్మవారి స్తోత్రమైంది. 1868లో మైసూరు సంస్థానం తన ప్యాలెస్ బ్యాండు పెట్టుకుంది. ఆ బ్యాండులో సాక్సఫోను విని, దానిమీద కర్ణాటక సంగీతం పలికించాలని పట్టుబట్టిన కుర్రాడు కద్రి గోపాలనాథ్. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. అంటే కొత్త ఇత్తడి గొట్టంలో పలికింది పాత చెక్క గొట్టపు జ్ఞాపకమే. 2004లో ఆయనకు పద్మశ్రీ, 2019లో మరణం. ఇవాళ హిందూపురం, ధర్మవరం పెళ్లిళ్లలో సాక్సఫోను పిలిపించడం దర్జా అయిందంటే దాని వెనక ఈ కథ ఉంది.

ఊరేగింపు బ్యాండు వేరే సంగతి. ఉత్తరాదిన మీరట్‌లోని జలీ కోఠీ పెళ్లి బ్యాండ్ల బాకాలకు దేశమంతటా పేరుపొందింది. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. ఆ బాకాలతో మన ఊళ్లలో బ్యాండుసెట్లు తయారయ్యాయి. వాళ్లూ చాలావరకు విని నేర్చినవాళ్లే. థియేటర్లో కొత్త సినిమా చూసివచ్చి, మర్నాడు పెళ్లికి పాట సిద్ధం చేసేవాళ్లు. ఆ చెవి మామూలు చెవి కాదు. అయితే సినిమా పాట జ్ఞాపకం ఆరునెలలు, మల్లారి జ్ఞాపకం ఆరు తరాలు.

సినిమా సన్నాయికి అన్యాయమే చేసిందనడం కూడా సరికాదు. 1962లో వచ్చిన తమిళ చిత్రం ‘కొంజుం సలంగై’లో రాజరత్నం శిష్యుడు కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో మన ఎస్. జానకి గొంతు పోటీపడింది. తెలుగులో అది ‘మురిపించే మువ్వలు’. ఆ ఆభేరి రాగపు పాట వినని తెలుగు ఇల్లు ఆ తరంలో లేదు. 1977లో కన్నడ ‘సనాదీ అప్పణ్ణ’కు బిస్మిల్లాఖాన్ షెహనాయి వాయించాడు. కన్నడ సినిమా కూడా తమదే అనుకునే హిందూపురం వైపు వాళ్లకు అదీ గుర్తే. తెలుగులో 1980లో ‘సన్నాయి అప్పన్న’ వచ్చింది. సినిమా వల్ల జనానికి సన్నాయి విలువ తెలిసింది. సన్నాయి మోతకు మూడు నిమిషాల హద్దు కూడా సినిమానే వేసింది.

జ్ఞాపకం నుంచి గాలివాద్యాల కోసం ఒక పెద్ద రచన తయారుచేయవచ్చా? పశ్చిమ దేశాల్లో చేశారు. పెర్సీ గ్రెయింజర్ అనే ఆస్ట్రేలియా స్వరకర్త 1905, 1906లో ఇంగ్లండులోని లింకన్‌షైర్ పల్లెల్లో తిరిగి ముసలి గాయకుల దగ్గర జానపదాలు సేకరించాడు. ఫోనోగ్రాఫు మీద రికార్డు కూడా చేశాడు. ముప్పై ఏళ్లు గడిచాక, 1937లో, ఆ పాటలతో ‘లింకన్‌షైర్ పోజీ’ అనే ఆరు భాగాల రచనను మిలిటరీ బ్యాండు కోసం చేశాడు. పాట వరసను మాత్రమే తీసుకోకుండా, ఆ ముసలివాళ్లు పాడేటప్పుడు ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ లాగారో, ఎక్కడ తాళం తప్పినట్టు అనిపించిందో అదంతా బ్యాండులోకి తెచ్చాడు. ఒక్కో భాగం ఒక్కో గాయకుడి రూపుచిత్రం. మొదటి ప్రదర్శనలో ఆ వంకరల్ని వాయించలేక బ్యాండువాళ్లు తిప్పలు పడ్డారు. 1952లో ఫ్రెడరిక్ ఫెన్నెల్ అమెరికాలో ఈస్ట్‌మన్ విండ్ ఎన్సెంబుల్ పెట్టాక గాలివాద్య బృందం కవాతుకే కాక కచేరీకీ పనికొస్తుందని తేలిపోయింది. అప్పటి నుంచి జ్ఞాపకం, బాల్యం, మనసు మేల్కొనడం లాంటి విషయాల మీద కొత్త రచనలు ఆ బృందాల కోసం వస్తూనే ఉన్నాయి.

మనకు గ్రెయింజర్ లేడు. మన విద్వాంసుడు తానే గాయకుడు, తానే సేకర్త, తానే స్వరకర్త. రోజూ కొత్తగా కట్టి రోజూ గాలికి వదిలేశాడు. అది గొప్పే. ఆ గొప్పకు ఖరీదు కూడా ఉంది. గురువు పోయి శిష్యుడు లేకపోతే అంతా పోయినట్టే. లింకన్‌షైర్ ముసలివాళ్ల గొంతులు మైనపు సిలిండర్ల మీదైనా మిగిలాయి. మన పల్లె గుళ్లలో పవళింపు సేవ వాయించినవాళ్ల గొట్టాల్లో ఏముండేదో చెప్పే సాక్ష్యం దాదాపు ఏమీ లేదు.

ఇప్పుడు చాలా గుళ్లలో హారతి వేళ మోటారు తిరుగుతుంది. డోలు, గంట, తాళం ఒకే స్విచ్చుకు మోగుతాయి. దానికి జీతం ఇవ్వక్కర్లేదు, సెలవు అడగదు. పొద్దున మైకులో రికార్డు చేసిన మంగళవాద్యం వస్తుంది. పెళ్లిలో పురోహితుడు వేలు ఎత్తి ‘భజంత్రీలు, భజంత్రీలు’ అనగానే గట్టిమేళం మోగుతుంది. తాళి పడే క్షణంలో తుమ్ము, అశుభం వినపడకుండా. ఆ అరనిమిషం కోసమే మేళం అన్నట్టయింది మన వ్యవహారం. మిగతా సమయమంతా డీజే, లేదా ఫోటోగ్రాఫరు అరుపులు. తాళి పడటానికి అవసరమైన మనిషిని భోజనాల పంక్తిలో చివరికి కూర్చోబెట్టే పద్ధతి కూడా పూర్తిగా పోలేదు.

అయినా నేర్చుకునే దారి మూసుకుపోలేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతోంది. పుట్టపర్తిలో 2000లో మొదలైన మిర్పురి సంగీత కళాశాల ఉంది. రెండూ ఈ సీమ పిల్లలకు దూరం కాదు. కావలసింది వినేవాళ్లు.

కాబట్టి ఈ జిల్లాలో ఈ మాఘంలోనో ఫాల్గుణంలోనో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఒక మనవి. భజంత్రీలకు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పండి: ముహూర్తానికి గంట ముందు మైకు ఆపేస్తాం, అరగంట మీ ఇష్టం వచ్చిన రాగం వాయించండి అని. ముందు వరసలో ఒక నలుగురు పెద్దలు కూర్చుని వినేలా చూడండి. పెళ్లి ఫోటోలు తీయడానికి ఎలాగూ పది ఫోన్లు ఉంటాయి. ఒకటి మేళం ముందు పెట్టి మొత్తం రికార్డు చేయించండి. విద్వాంసుడి పేరు, ఊరు, గురువు పేరు, వాయించిన రాగం అడిగి రాసుకోండి. భోజనాలకు వాళ్లను మొదటి పంక్తిలో కూర్చోబెట్టండి.